పొద్దున స్టార్టయినా రేజ్ ఎక్కని డీజిల్ కారు: తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

రాత్రంతా నిలబెట్టిన డీజిల్ కారు పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. ఐడిల్‌లో నిలబడుతుంది కూడా. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరో 1,500 దగ్గరో మొరాయిస్తుంది, లేదా అసలు ఉలకదు పలకదు. పది నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు మామూలుగా నడుస్తుంది. షెడ్డుకు చేరేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది కాబట్టి మెకానిక్‌కు ఏ తప్పూ కనబడదు. కనబడని తప్పుకు ఊహ మీద వైద్యం మొదలవుతుంది: మొదట డీజిల్ ఫిల్టర్, తర్వాత హీటర్ ప్లగ్గులు, చివరికి ఇంజెక్టర్లు. వేలకు వేలు ఖర్చయ్యాక కూడా మర్నాడు పొద్దున అదే కథ.

ఈ తప్పు రోజుకు మూడు నాలుగు నిమిషాలే బయటపడుతుంది. ఆ కాసేపట్లో సరైన అంకెలు కొన్ని, పొగ రంగు చూసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. కాబట్టి పరీక్షకు ఏర్పాట్లు ముందురోజు రాత్రే జరగాలి.

ఇక్కడ చెప్పేది కామన్ రైల్ డీజిల్ బళ్ల గురించి, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం (రైలు) నుంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ అందే బళ్ల గురించి. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, ఇండికా విస్టా, ఫియట్ పుంటో వంటివాటిలో వచ్చిన 1,248 సీసీ ఇంజన్, పాత ఇన్నోవాలోని 2,494 సీసీ ఇంజన్ మన రోడ్ల మీద బాగా తిరిగినవి కాబట్టి అంకెలకు వాటినే ఉదాహరణగా తీసుకున్నాం. మెకానికల్ పంపు ఉన్న పాత బళ్ల సంగతి చివర్లో ఉంది.

అసలు ఇది తప్పేనా?

కొన్ని కార్లలో, ముఖ్యంగా ఆటోమేటిక్ డీజిళ్లలో, బండి నిలబడి ఉండగా రేజ్ ఒక హద్దు దాటకుండా కంపెనీయే కట్టడి పెడుతుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఆ హద్దును ఇంకాస్త తగ్గించే బళ్లూ ఉన్నాయి. గుర్తుపట్టడం తేలికే. ప్రతిసారీ సరిగ్గా ఒకే అంకె దగ్గర, కుదుపు లేకుండా, పొగ లేకుండా ఆగి, రోడ్డు మీద గేర్లో మామూలుగా లాగుతుంటే అది తప్పు కాదు. ఒక రోజు 1,500 దగ్గర, ఒక రోజు 2,200 దగ్గర ఆగుతున్నా, గొంతు నొక్కినట్టు శబ్దం వస్తున్నా, ఇంజన్ దీపం వెలుగుతున్నా తప్పే.

రాత్రి చేసి పెట్టుకోవాల్సినవి

కారు కంప్యూటర్ నుంచి విలువలు తెచ్చే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి, ఫోన్‌లో దాన్ని చదివే యాప్ ఒకటి కావాలి. చవకరకం అడాప్టర్లు నెమ్మదిగా చదువుతాయి, ఒకేసారి ఇరవై విలువలు అడిగితే ఒక్కటీ సమయానికి రాదు. అందుకని ఆరింటినే ఎంచుకోండి: ఇంజన్ ఆర్‌పీఎం, యాక్సిలరేటర్ పెడల్ శాతం, ఫ్యూయల్ రైల్ ప్రెషర్, గాలి ప్రవాహం (ఎంఏఎఫ్), ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టాల్లోని ఒత్తిడి అంటే మానిఫోల్డ్ ప్రెషర్ (మ్యాప్), కూలెంట్ ఉష్ణోగ్రత. యాప్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పెట్టండి. అప్పటికే కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల గుర్తులు, అంటే ఫాల్ట్ కోడ్లు, ఏవైనా ఉంటే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే తుడిచేయండి. రాసుకోకుండా తుడిచేస్తే చేతికందిన సాక్ష్యాన్ని పారేసినట్టే.

మల్టీమీటర్, టార్చి, ఒక పారదర్శక గాజు సీసా, డీజిల్‌కు తట్టుకునే పారదర్శక పైపు అర మీటరు, దానికి సరిపడే క్లిప్పులు దగ్గర పెట్టుకోండి. బండిని ఆరుబయట, పొగ కనబడేలా సైలెన్సర్ వెలుతురు వైపు ఉండేట్టు, కనీసం ఎనిమిది గంటలు నిలపండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు. రెండో మనిషి ఉంటే మేలు. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు పొగ దగ్గర.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత కూడా రాత్రే విప్పి చూడండి. ఎలుకలు కట్టిన గూడు, కొరికిన స్పాంజి, ఎండుగడ్డి ఆ పెట్టెలో దొరకడం మన ఊళ్లలో వింతేమీ కాదు. పెట్టె నుంచి టర్బోకు (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే భాగం) పోయే రబ్బరు గొట్టాన్ని చేత్తో నొక్కండి. నూనె తాగి మెత్తబడి ఉంటే, లోపలి పొర విడిపోయిందేమో టార్చి వేసి చూడండి. బయటికి బాగానే కనబడే గొట్టం, ఇంజన్ గాలి పీల్చగానే లోపల ముడుచుకుపోతుంది.

తాళం తిప్పాక, సెల్ఫ్ కొట్టకముందు

పొద్దున తాళం ఆన్ స్థానంలో ఉంచి ఆగండి. ఈ అరనిమిషంలో సెన్సర్ల నిజాయితీ తేలిపోతుంది.

కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత (యాప్‌లో దీన్ని ఈ కాసేపు విడిగా తెరవండి), బయటి ఉష్ణోగ్రత మూడూ దాదాపు సమానంగా, 5 డిగ్రీల తేడాలోపు ఉండాలి. రాత్రంతా నిలబడ్డ ఇంజన్‌కు వేరే వేడి ఎక్కడి నుంచి వస్తుంది? కూలెంట్ మైనస్ 40 చూపిస్తే సెన్సర్ వైరు తెగింది లేదా కనెక్టర్ ఊడింది. నూట ముప్ఫై, నూట నలభై చూపిస్తే వైరు షార్టయింది. అనుమానం ఉంటే సెన్సర్ రెండు పిన్నుల మధ్య కొలవండి. 20 డిగ్రీల దగ్గర చాలా బళ్లలో 2 నుంచి 2.5 కిలో ఓమ్‌లు వస్తుంది, 80 డిగ్రీలకు అది 300 ఓమ్‌ల పరిసరాలకు దిగుతుంది.

మ్యాప్ విలువ ఆ ఊరి వాతావరణ పీడనానికి సమానంగా ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో 100 కిలోపాస్కల్స్‌కు దగ్గర. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి 95 దగ్గర. వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో 90 దగ్గర.

రైల్ ప్రెషర్ సున్నా, లేదా సున్నాకు బాగా దగ్గర. ఆగిన ఇంజన్‌లో రైలులోని ఒత్తిడి రాత్రికి రాత్రే దిగిపోతుంది. అప్పుడు కూడా 50 బార్, 80 బార్ అని చూపిస్తుంటే ఆ సెన్సర్ అబద్ధం చెబుతోంది. దాన్ని నమ్మిన కంప్యూటర్ ఒత్తిడి చాలినంత ఉందనుకుని తక్కువ డీజిల్ ఇస్తుంది. యాప్ కిలోపాస్కల్స్‌లో చూపిస్తే వందతో భాగించండి: 30,000 అంటే 300 బార్.

ఇంకా సెల్ఫ్ కొట్టలేదు. పెడల్‌ను నెమ్మదిగా, నాలుగు సెకన్లు తీసుకుని, నేలదాకా తొక్కి వదలండి. శాతం ఎక్కడా తెగకుండా, గెంతకుండా ఎక్కి దిగాలి. బ్యాటరీ వోల్టేజీ 12.4కు పైన ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు. అంతకన్నా పడితే ముందు బ్యాటరీ సంగతి తేల్చండి. వోల్టేజీ తక్కువైన కంప్యూటర్ రకరకాల దొంగ కోడ్లు పుట్టిస్తుంది, వాటి వెంట పడితే రోజులు పోతాయి.

మొదటి మూడు నిమిషాలు

హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో ఉంచి, స్ప్రింగులాంటి పసుపు దీపం ఆరాక స్టార్ట్ చేయండి. పది సెకన్లు ఐడిల్‌లో వదలండి. ఆ తర్వాత పెడల్‌ను సగందాకా నెమ్మదిగా తొక్కి అయిదు సెకన్లు అలాగే పట్టుకోండి. ఎగదన్నొద్దు. చల్లని ఇంజన్‌ను 3,000 దాటించొద్దు, టర్బో బేరింగ్‌కు నూనె సరిగ్గా అందే సమయం కాదది. వదిలి, నిమిషం తర్వాత మళ్లీ ఇంకోసారి. రికార్డింగ్ ఆపి, ఇప్పుడు మూడు అంకెల్ని, అంటే పెడల్ శాతం, రైల్ ప్రెషర్, ఆర్‌పీఎంలను, పక్కపక్కన పెట్టి చూడండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఈ పోలిక గుర్తుపెట్టుకోండి.

పెడల్ శాతం కదలకపోతే, లేదా కదిలి మధ్యలో పడిపోతే తప్పు పెడల్ దగ్గరో దాని వైర్ల దగ్గరో ఉంది.

పెడల్ శాతం ఎక్కింది, రైల్ ప్రెషర్ మాత్రం ఉన్నచోటే ఉంది, ఇంజన్ ప్రశాంతంగా ఐడిల్‌లోనే నడుస్తోంది. అంటే కంప్యూటర్ మీ మాట వింది, కావాలనే పట్టించుకోవడం లేదు. రక్షణ స్థితిలోకి పోయింది. ఎందుకు పోయిందో కోడ్ చెబుతుంది.

పెడల్ ఎక్కింది, రైల్ ప్రెషర్ ఎక్కబోయి కుప్పకూలింది. పంపుకు డీజిల్ అందడం లేదు.

పెడల్ ఎక్కింది, రైల్ ప్రెషర్ కూడా 500, 600 బార్‌కు ఎక్కింది, అయినా ఇంజన్ లేవడం లేదు. డీజిల్ పడుతోంది, కాలడానికి గాలి లేదు. లేదా పొగ బయటికి పోయే దారి లేదు.

ఐడిల్‌లో రైల్ ప్రెషర్ చాలా బళ్లలో 250 నుంచి 350 బార్ మధ్య ఉంటుంది. ఖచ్చితమైన అంకె మీ ఇంజన్ సర్వీసు మాన్యువల్‌లోది. ఇక్కడ మనం చూసేది అది ఎటు కదులుతోందన్నదే.

పెడల్ మాట ఇంజన్‌కు వినబడకపోతే

కామన్ రైల్ కారులో పెడల్‌కు, ఇంజన్‌కు మధ్య కేబుల్ లేదు. పెడల్‌లో రెండు సెన్సర్లు ఉంటాయి, రెండింటికీ 5 వోల్టుల సరఫరా. చాలా కార్లలో మొదటిది వదిలినప్పుడు 0.7 వోల్టుల దగ్గర మొదలై పూర్తిగా తొక్కితే 4 దగ్గరికి పోతుంది. రెండోది ఎప్పుడూ దానిలో సగం చూపిస్తుంది. ఈ సగం లెక్క తప్పిందంటే కంప్యూటర్ రెండింటినీ నమ్మడం మానేసి, పెడల్‌ను పక్కనబెట్టి, ఇంజన్‌ను కాస్త ఎక్కువ ఐడిల్ మీద బిగించేస్తుంది. పీ2138 అంటే రెండు సెన్సర్లకూ పొత్తు కుదరలేదని. పీ2122, పీ2123, పీ2127, పీ2128 అంటే రెండిట్లో ఒకదాని సిగ్నల్ మరీ తక్కువో మరీ ఎక్కువో అయిందని.

పొద్దున పూటే ఎందుకు? తేమ వల్ల. ఏసీ నీటి గొట్టం మూసుకుపోయి కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండే కార్లలో ఇది మరీ ఎక్కువ. పెడల్ కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ పొడి పడుతుంది. రాత్రి తేమకు అక్కడ వోల్టేజీ తప్పుతుంది, క్యాబిన్ వేడెక్కాక సర్దుకుంటుంది. కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. కనెక్టర్ విప్పి కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, తాళం ఆన్‌లో ఉంచి, వైర్ల కట్టను అటూ ఇటూ కదుపుతూ వోల్టేజీ చూడండి. బానెట్ కింద వైర్లకు ఎలుక పళ్ల గాట్లున్నాయేమో కూడా ఇప్పుడే చూడాలి.

ఇక్కడ ఎక్కువమంది చూడకుండా వదిలేసేది బ్రేక్ స్విచ్. బ్రేకు, యాక్సిలరేటర్ ఒకేసారి తొక్కితే చాలా కార్ల కంప్యూటర్లు బ్రేకుకే ఓటు వేసి డీజిల్ కోస్తాయి. స్విచ్ ఇరుక్కున్నా, దాన్ని ఆనించే ప్లాస్టిక్ బొడిపె విరిగినా, బ్రేకు తొక్కకుండానే తొక్కినట్టు కంప్యూటర్‌కు కనబడుతుంది. బ్రేకు వదిలి ఉన్నా వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయా అని రెండో మనిషిని చూడమనండి. స్విచ్‌లో రెండు కాంటాక్టులుంటాయి. దీపాలు బాగానే పనిచేస్తూ రెండో కాంటాక్ట్ మాత్రం చెడిపోవచ్చు. అప్పుడు పీ0504 వస్తుంది. పెడల్ మొత్తం మార్చే ముందు ఈ చిన్న భాగం మార్చి చూడడం న్యాయం.

నల్ల పొగ వస్తే: గాలి కొరత

తొక్కగానే సైలెన్సర్ నుంచి నల్లగా పొగ కక్కుతూ ఇంజన్ గొంతు నొక్కినట్టు అరిస్తే డీజిల్‌కు తగ్గ గాలి లేదు. ఇక్కడ ఒక లెక్క చాలా సాయపడుతుంది. 1,248 సీసీ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. 850 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు దాదాపు 8.8 లీటర్లు. గాలి బరువు, సిలిండర్ పూర్తిగా నిండకపోవడం లెక్కేస్తే సెకనుకు 8 నుంచి 10 గ్రాములు. 2,494 సీసీ ఇన్నోవా ఇంజన్‌కు 750 దగ్గర 15, 16 గ్రాములు రావాలి. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది ఈజీఆర్ వాల్వు. పాత బీఎస్4 కాలుష్య ప్రమాణపు బళ్లలో చాలావరకు ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు కంప్యూటర్ దాన్ని మూసే ఉంచుతుంది. కాబట్టి చల్లటి ఐడిల్‌లో ఎంఏఎఫ్ ఈ లెక్కకు దగ్గరగా ఉండాలి. సగమే చూపిస్తోందంటే, మిగతా సగం చోటును ఏదో ఆక్రమించింది, లేదా దారి మూసుకుంది.

రెండిట్లో ఏదన్నది మ్యాప్ చెబుతుంది. ఎంఏఎఫ్ సగానికి పడి, మ్యాప్ మాత్రం వాతావరణ పీడనం దగ్గరే ఉంటే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుంది. కొత్త గాలికి బదులు కాలిన పొగ సిలిండర్లను నింపుతోంది. ఎంఏఎఫ్ పడి, మ్యాప్ కూడా 60, 70 కిలోపాస్కల్స్‌కు దిగితే ఇన్‌టేక్ దారిలో, అంటే గాలి లోపలికి వచ్చే దారిలో, అడ్డు ఉంది. మ్యాప్ సెన్సర్ థ్రాటిల్ రెక్కకు (ఆ గాలి దారిని మూసి తెరిచే రేకు) అవతల, మానిఫోల్డ్ మీద ఉన్న బళ్లకే ఈ రెండో గుర్తు పనికొస్తుంది.

ఈజీఆర్‌ను చేత్తో కూడా పట్టుకోవచ్చు. చల్లగా స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకు ఈజీఆర్ పైపు దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి, తాకకుండా. వాల్వు మూసి ఉంటే వాల్వు అవతలి పైపు ఇంకా చల్లగానే ఉంటుంది. వేడి కొడుతోందంటే పొగ దాటిపోతోంది. వాక్యూమ్‌తో నడిచే వాల్వు అయితే సన్న గొట్టం లాగి మూసేసి చూడండి. మార్పు వస్తే తప్పు ఆ వాక్యూమ్‌ను తెరిచి మూసే సొలెనాయిడ్‌లో ఉంది. రాకపోతే వాల్వే మసికి ఇరుక్కుంది.

విప్పి శుభ్రం చేసేటప్పుడు మసిని ఇన్‌టేక్ వైపు రాల్చొద్దు. వాల్వు పూర్తిగా బయటికి తీసి, కార్బ్ క్లీనర్ కొట్టి పది నిమిషాలు నానబెట్టి, ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దండి. మోటార్ ఉన్న వైపు ద్రవం పోకుండా వాల్వును తలకిందులుగా పట్టుకోండి. గాస్కెట్ కొత్తది వేయండి. ఈజీఆర్ దారిని రేకుతో మూసి ఒక పొద్దున నడిపి చూడడం పరీక్షగా మంచిదే. రేజ్ ఎక్కితే కారణం ఖాయమైనట్టు. ఆ రేకును అలాగే వదిలేయడం మాత్రం తప్పు, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, కోడ్ వస్తుంది.

థ్రాటిల్ రెక్క సంగతి కాస్త విడిగా చెప్పాలి, పొద్దున పూట మాత్రమే ఏడిపించే తప్పుకు ఇది అచ్చమైన నమూనా కాబట్టి. ఇంజన్ ఆపినప్పుడు కుదుపు లేకుండా ఆగడానికి ఈ రెక్క క్షణంపాటు మూసుకుని, మళ్లీ స్ప్రింగు బలంతో తెరుచుకుంటుంది. దాని అంచుల చుట్టూ నూనె కలిసిన మసి పేరుకుంటే, మూసుకున్నచోటే అతుక్కుని రాత్రంతా గట్టిపడుతుంది. పొద్దున అంచుల సందుల్లోంచి వచ్చే గాలితో ఐడిల్ నడుస్తుంది, రేజ్ ఎక్కదు. ఇంజన్ వేడికి మసి మెత్తబడగానే రెక్క ఊడి తెరుచుకుంటుంది. పరీక్ష సులభం: రాత్రి బండి ఆపి, పొద్దున స్టార్ట్ చేయకముందే ఇన్‌టేక్ గొట్టం విప్పి టార్చి వేయండి. ఎక్కువ బళ్లలో అప్పుడు రెక్క తెరిచి ఉండాలి. మూసి ఉంటే దొంగ దొరికాడు.

నల్ల పొగ రాగానే టర్బో పోయిందని తీర్పు చెప్పేవాళ్లున్నారు. న్యూట్రల్‌లో, బరువు లేకుండా, 3,000 దాకా పోవడానికి టర్బో ఒత్తిడి దాదాపు అక్కర్లేదు. టర్బో పనిచేయని ఇంజన్ రోడ్డు మీద ఎత్తు ఎక్కలేక ఆపసోపాలు పడుతుంది గానీ నిలబడిన చోట రేజ్ ఎక్కుతుంది. షాఫ్టు పూర్తిగా బిగుసుకుపోతే తప్ప ఈ లక్షణానికి టర్బోను మొదటి ముద్దాయిగా నిలబెట్టొద్దు.

పొగ లేకుండా కూలిపోతే: డీజిల్ అందడం లేదు

ముందు ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి 100 నుంచి 200 మిల్లీలీటర్లు గాజు సీసాలోకి పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు చేరి గీత గీసినట్టు కనబడతాయి. నల్లటి జిగురు తేలితే ట్యాంకులో బూజు పట్టింది. వర్షాకాలంలో సగం ట్యాంకుతో రోజుల తరబడి నిలబడ్డ బళ్లలో ఇది మామూలు.

నీళ్లు లేకపోతే గాలి కోసం వెతకాలి. పొద్దున తప్పుల్లో దీని వాటా పెద్దది. హైప్రెషర్ పంపే ట్యాంకు నుంచి డీజిల్ లాక్కునే బళ్లలో, ట్యాంకుకు పంపుకు మధ్య ఉన్న పైపులో ఒత్తిడి బయటి గాలికన్నా తక్కువ. అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఎక్కడా తడి కనబడదు. రాత్రంతా ఆ సందులోంచి గాలి దూరి, డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున ఫిల్టర్లో మిగిలినదానితో స్టార్టవుతుంది, తొక్కగానే గాలి బుడగ పంపుకు చేరుతుంది. ట్యాంకులో మోటార్ ఉన్న బళ్లలో దీనికి వ్యతిరేకం. అక్కడ పైపులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి చీలిక ఉంటే డీజిల్ వాసన, తడి కనబడతాయి.

ఇంజన్ ఆపి ఉండగా, ఫిల్టర్‌కు హైప్రెషర్ పంపుకు మధ్య ఉన్న తక్కువ ఒత్తిడి పైపు స్థానంలో పారదర్శక పైపు బిగించి, ప్రైమర్ (చేత్తో డీజిల్ నింపే చిన్న పంపు) కొట్టి, అలాగే రాత్రంతా వదిలేయండి. పొద్దున స్టార్ట్ చేయకముందే పైపులో ఖాళీ కనబడితే డీజిల్ జారిపోయింది. స్టార్ట్ చేశాక సూదిమొనంత బుడగలు అప్పుడప్పుడు పోవడం పట్టించుకోనక్కర్లేదు. సోడా పొంగినట్టు ఆగకుండా వస్తుంటే, లేదా పెడల్ తొక్కినప్పుడల్లా పొడవాటి గాలి ముక్కలు వస్తుంటే, గాలి పట్టింది. దాన్ని వెతికే క్రమం ఇది: మొన్ననే మార్చిన ఫిల్టర్ ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు), డ్రెయిన్ ప్లగ్ రబ్బరు, నీళ్ల సెన్సర్ సీలు, ప్రైమర్ బల్బు వాల్వు, పైపు తగిలించే ప్లాస్టిక్ క్లిప్పుల్లోని సన్న ఓ-రింగులు. చల్లదనానికి రబ్బరు బిగుసుకుని సందు ఇస్తుంది, వేడెక్కగానే ఉబ్బి మూసుకుంటుంది. ఫిల్టర్ మార్చిన వారంలోనే తప్పు మొదలైతే వేరే ఎక్కడా చూడకుండా నేరుగా ఆ ఓ-రింగ్ దగ్గరికే పోండి.

ఎక్కడో తెలియకపోతే ఒక శుభ్రమైన డబ్బాలో వడకట్టిన మంచి డీజిల్ పోసి, పంపుకన్నా ఎత్తులో పెట్టి, ఫిల్టర్ ముందు పైపుకు నేరుగా కలపండి. తప్పు మాయమైతే అది ట్యాంకు వైపు ఉంది. మాయం కాకపోతే ఫిల్టర్ దగ్గరో ముందుకో ఉంది. కొత్త ఫిల్టర్‌ను బిగించే ముందు క్యాన్‌తో డీజిల్ పోసి నింపే అలవాటు పాత బళ్లకు సరే, కామన్ రైల్‌కు కాదు. శుభ్రం వైపు పోసిన డీజిల్ వడకట్టకుండానే పంపులోకి పోతుంది. ఖాళీగా బిగించి ప్రైమర్‌తో నింపండి.

గాలీ లేదు, నీళ్లూ లేవు, అయినా రైల్ ప్రెషర్ పడిపోతోందంటే పంపు మీది కంట్రోల్ వాల్వు, ఇంజెక్టర్ల రిటర్న్ (వాటి నుంచి ట్యాంకుకు తిరిగిపోయే డీజిల్) మిగిలాయి. పాత ఇన్నోవాలోని డెన్సో పంపు మీది సక్షన్ కంట్రోల్ వాల్వు అరిగి ఇరుక్కోవడం షెడ్లలో అందరికీ తెలిసిన జబ్బే. ఐడిల్ పైకీ కిందికీ ఊగడం దాని తోడు లక్షణం. మార్చాక స్కానర్‌తో పంపు లర్నింగ్, అంటే కొత్త వాల్వును కంప్యూటర్‌కు నేర్పించడం, చేయించాలి. ఇంజెక్టర్లను చూడాలంటే నాలుగింటి రిటర్న్ పైపుల్నీ నాలుగు ఒకే కొలత సీసాల్లోకి వదిలి, రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో నడిపి పోల్చండి. ఒకటి మిగతావాటికి రెండు మూడింతలు నింపితే అదే కారుతున్నది. ఒత్తిడి చాలనప్పుడు వచ్చే కోడ్ పీ0087.

చలి ప్రాంతాల్లో మైనం

తీరంలో ఇది ఊహించనక్కర్లేని కారణం. లంబసింగిలో, ఆదిలాబాద్ ఏజెన్సీలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మాత్రం ఆలోచించాలి. మన డీజిల్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 1460. దాని ప్రకారం ఫిల్టర్ మూసుకుపోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు దాటకూడదు. అంటే అంతదాకా ఉండొచ్చు. నెలల కిందట నింపిన ట్యాంకుతో కొండెక్కి, 4 డిగ్రీల్లో రాత్రి నిలబెడితే, డీజిల్లోని మైనం ఫిల్టర్ కాగితాన్ని పూయడం వింత కాదు.

పరీక్ష: ఫిల్టర్ చుట్టూ గుడ్డ కప్పి వేడినీళ్లు పోయండి, వైర్ల మీద పడకుండా. అయిదు నిమిషాల్లో రేజ్ ఎక్కితే మైనమే. ట్యాంకు కింద మంట పెట్టడం, డీజిల్‌లో పెట్రోలు, కిరోసిన్ కలపడం రెండూ చేయకూడదు. హైప్రెషర్ పంపుకు డీజిలే కందెన, పలుచబడితే లోపల అరుగుతుంది. లడఖ్ దాకా కారులో పోయేవాళ్లు అక్కడి బంకుల్లో ఇండియన్ ఆయిల్ అమ్మే, మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్‌ను అక్కడే నింపుకోవాలి.

తెల్ల పొగ, కళ్లు మండే వాసన

డీజిల్ పడుతోంది గానీ కాలడం లేదు. హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి), కారే ఇంజెక్టర్ అనుమానితులు. ప్లగ్గు వైరు విప్పి, ప్లగ్గు తలకు ఇంజన్ బాడీకి మధ్య కొలిస్తే మంచి ప్లగ్గు 0.5 నుంచి 1.5 ఓమ్‌లు చూపిస్తుంది. ముందు మీటరు వైర్ల సొంత నిరోధాన్ని తీసేయండి. అంతు లేనంత చూపిస్తే కాలిపోయింది. పీ0671 నుంచి పీ0674 దాకా ఉన్న కోడ్లు ఒక్కో సిలిండర్ ప్లగ్గుకు చెందినవి. నాలుగూ బాగున్నా వేడెక్కకపోతే రిలే, ఫ్యూజు చూడండి. ప్లగ్గును బయటికి తీసి 12 వోల్టులు ఇచ్చి ఎర్రబడుతుందా అని చూసే పాత అలవాటు కొత్త బళ్లకు పనికిరాదు. వాటిలో చాలా ప్లగ్గులు 12 కన్నా బాగా తక్కువ వోల్టులవి, క్షణంలో కాలిపోతాయి.

విప్పడం ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే. 8 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గు 20 న్యూటన్ మీటర్ల బలానికి కదలకపోతే ఆపేయండి, విరిగితే హెడ్ దించాల్సి రావొచ్చు. బిగించేటప్పుడు 10 చాలు. 20 డిగ్రీలకు పైనున్న విజయవాడ పొద్దుల్లో ప్లగ్గులు నాలుగూ పోయినా కామన్ రైల్ ఇంజన్ స్టార్టవుతుంది, నిమిషంపాటు కుంటుతుంది అంతే. అందుకని మైదానాల్లో రేజ్ ఎక్కకపోవడానికి ప్లగ్గులే కారణమని ఒప్పేసుకోకండి. ప్లగ్గులు బాగుండి తెల్ల పొగ, కుంటుడు ఉంటే కంప్రెషన్ చూడాలి. 25 బార్‌కు పైన, సిలిండర్ల మధ్య తేడా 3 బార్ లోపు ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొగ తియ్యటి వాసన వేస్తూ కూలెంట్ తగ్గుతుంటే అది హెడ్ గాస్కెట్ వ్యవహారం, నడపడం ఆపండి.

ప్రెషర్ సరే, గాలి సరే, అయినా లేవకపోతే

పొగ బయటికి పోయే దారి చూడాలి. బీఎస్6 బళ్లలో, అంటే 2020 ఏప్రిల్ తర్వాతి వాటిలో, పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ నిండితే పీ2463 వస్తుంది. ఊళ్లోనే చిన్న దూరాలు తిరిగే కార్లకు ఈ బెడద. ఇది వేడిగా ఉన్నప్పుడు కూడా ఉంటుంది కాబట్టి పొద్దున మాత్రమే వచ్చే తప్పుకు దీన్ని చివర్లోనే అనుమానించండి. డీజిల్ ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోవడం కూడా అంతే, అది బండి నడిచిన కొద్దీ ముదిరే జబ్బు.

మెకానికల్ పంపు ఉన్న పాత బళ్లు

పాత ఇండికా, సుమో, అంబాసిడర్ డీజిల్ లాంటివాటిలో కంప్యూటర్ లేదు, కాబట్టి ముందు యాక్సిలరేటర్ కేబుల్ పంపు లివర్‌ను నిజంగా చివరిదాకా తిప్పుతోందా చూడండి. తర్వాత గాలి. ఫీడ్ పంపు దగ్గరి వైసర్లు, ఫిల్టర్ బోల్టు వైసర్లు మార్చి, బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ప్రైమర్ కొట్టాలి. ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ నట్టు వదులు చేసి సిలిండర్ పట్టుకునే పద్ధతి ఈ బళ్లతోనే ఆగిపోవాలి. కామన్ రైల్‌లో అక్కడ వందల బార్ల ఒత్తిడి ఉంటుంది. జుట్టంత సన్నని ధార చర్మంలోకి దూరితే చెయ్యి తీసేయాల్సిన గతి పట్టొచ్చు. అలాంటి గాయం చూడ్డానికి చిన్నగా ఉన్నా ఆసుపత్రికి పోవడానికి ఒక్క గంట కూడా ఆగొద్దు. స్టార్టింగ్ స్ప్రే కూడా వద్దు. అందులోని ఈథర్ వేడి హీటర్ ప్లగ్గుకు తగిలి వేళగాని వేళ పేలితే పిస్టన్ పగులుతుంది.

బాగయిందని ఎప్పుడు అనుకోవాలి

భాగం మార్చగానే వేడి ఇంజన్‌ను రేజ్ చేసి చూపిస్తే ఏమీ రుజువు కాదు, మార్చకముందు కూడా వేడిగా ఉంటే బాగానే పోయేది కదా. కోడ్లు తుడిచి, రాత్రంతా నిలిపి, మొదటిరోజు చేసిన పరీక్షనే అదే అంకెలతో మళ్లీ చేయండి. వరుసగా మూడు పొద్దులు పెడల్, రైల్ ప్రెషర్, ఎంఏఎఫ్ ఒకదాని వెంట ఒకటి ఎక్కితేనే డబ్బు చెల్లించండి. బండిని షెడ్డుకు అప్పగించాల్సి వస్తే సాయంత్రమే వదిలి రండి, మీ రికార్డింగు, రాసుకున్న కోడ్లు చేతికివ్వండి. పొద్దున మొదటి సెల్ఫ్ మెకానికే కొట్టాలని, అంతకుముందు కుర్రాళ్లెవరూ బండి కదపకూడదని స్టీరింగ్ మీద కాగితం అతికించండి.